విన్న బాధను ఎక్కడ పెట్టాలి?

మన ట్రస్టు స్కాలర్‌షిప్పు దరఖాస్తులు పరిశీలించే కమిటీలో, రిటైరైన దగ్గర నుంచీ నేనూ ఒక సభ్యుణ్ణి. ఇదివరకు మన పిల్లల దరఖాస్తులన్నీ ఇంజనీరింగు, బి.కాం., నర్సింగు, డిప్లొమా కోర్సులకే వచ్చేవి. ఈ నాలుగైదేళ్లుగా ఎం.ఎస్సీ. సైకాలజీ, ఎం.ఎస్.డబ్ల్యు. చదువులకు కూడా వస్తున్నాయి. కిందటిసారి ఇంటర్వ్యూలో బరంపురం నుంచి వచ్చిన ఒక అమ్మాయిని "ఈ చదువే ఎందుకు ఎంచుకున్నావమ్మా?" అని అడిగాం. "నాకు ఓర్పు ఎక్కువ సార్. ఎవరి బాధైనా ఎంతసేపైనా వింటాను" అంది. కమిటీ వారందరూ సంతోషించారు. నేను మాత్రం ఉండబట్టలేక "విన్న తర్వాత ఆ బాధను ఎక్కడ పెడతావు?" అని అడిగాను. ఆ అమ్మాయి తెల్లబోయింది. ఇబ్బంది పెట్టాలని అడిగింది కాదు. స్కాలర్‌షిప్పు కూడా మంజూరైంది. కానీ అడిగినవాణ్ణి నేను కాబట్టి, నాకు తెలిసినంతవరకు జవాబు రాయడం నా పని అనిపించింది.

నేను సైకాలజీ చదువుకున్నవాణ్ణి కాను. బి.కాం. పాసై 36 ఏళ్లు ఒక బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి 2019లో రిటైరయ్యాను. మా తమ్ముడి కూతురు క్లినికల్ సైకాలజీలో ఎం.ఫిల్. చేసి బెంగళూరులో సైకోథెరపిస్టుగా పనిచేస్తోంది. ఆమెను చూసి తెలుసుకున్నవి, ఆమె ఇచ్చిన పుస్తకాల్లో చదివినవి, నా కౌంటరు అనుభవం, ఈ మూడే నాకున్న ఆధారాలు. పేరు రాయవద్దన్న షరతు మీద తన సంగతి రాయడానికి ఆమె ఒప్పుకుంది.

మా ఇంటి సంగతి

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మా అమ్మాయి పగలు తన సెంటరులో పనిచేస్తూ, సాయంత్రాలు ఒక హెల్ప్‌లైనులో స్వచ్ఛందంగా ఫోన్లు తీసుకునేది. మేము నాలుగు తరాలుగా బెంగళూరులో ఉన్నా ఇంట్లో తెలుగే మాట్లాడతాం. అందుచేత తెలుగు ఫోన్లన్నీ ఆమెకే కలిపేవారు. కోలారు నుంచి, బళ్లారి నుంచి, హోసూరు నుంచి, పనికోసం వచ్చి గదుల్లో చిక్కుకుపోయిన కూలీల నుంచి. కన్నడం వచ్చినవాళ్లు కూడా ఏడుపు వచ్చేసరికి తెలుగులోకి వచ్చేస్తారని ఆమె చెప్పేది.

2021 ఏప్రిల్, మే నెలల సంగతి మీకెవరికీ గుర్తు చేయనక్కరలేదు. మా తమ్ముడికి ఆక్సిజన్ ఉన్న మంచం కోసం రెండు రోజులు ఫోన్లు చేశాం. దొరికింది గానీ ఆలస్యమైంది. మే నెలలో పోయాడు. శ్మశానానికి ఇద్దరమే వెళ్లాం. కర్మలన్నీ అయిన మర్నాడే మా అమ్మాయి మళ్లీ హెల్ప్‌లైనులో కూర్చుంది. "ఎంత ధైర్యం తల్లీ నీది!" అని నేనే మెచ్చుకున్నాను. చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పాను. ఇవాళ ఆలోచిస్తే, ఆ మెచ్చుకోలు ఆమెకు ఇంకే మాటా మాట్లాడే వీలు లేకుండా చేసిందని అర్థమవుతోంది.

ఆ వారంలోనే ఒక తెలుగు ఫోను వచ్చింది. "మా నాన్నకి ఆక్సిజన్ దొరకలేదండీ." ఎవరు, ఏ ఊరు అన్నది ఆమె నాకు చెప్పలేదు, చెప్పదు కూడా. తన సంగతి మాత్రం చెప్పింది. నలభై నిమిషాలు విన్నదట, అడగవలసినవన్నీ అడిగిందట, ఫోను పెట్టేసిన తర్వాత ఒక్క మాట కూడా గుర్తు లేదట.

ఆ దీపావళికి ఇంటికి వచ్చినప్పుడు ఇంకో మాట చెప్పింది. "పెదనాన్నా, నిన్న ఒకావిడ నా ఎదురుగా కూర్చుని ఏడుస్తోంది. నేను ఆవిడ వెనకాల ఉన్న గడియారం చూస్తున్నాను. ఇంత చిన్నదానికే ఎందుకు ఏడుస్తోంది అనిపించింది. నేను ఈ పనికి పనికిరానేమో."

ఆ మాట వినగానే నాకు 2016 నవంబరు గుర్తొచ్చింది.

నా కౌంటరు సంగతి

2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దయ్యాయి. పదో తేదీ నుంచి మా బ్రాంచి ముందు తెల్లవారుజాము నుంచే వరస. శని ఆదివారాలు కూడా పనిచేశాం. మొదటి వారం ప్రతివారి కథా విన్నాను. కూతురి పెళ్లి, ఆసుపత్రి బిల్లు, కూలీల జీతాలు. నాకు చేతనైనంత ఓదార్పుగా మాట్లాడాను. రెండో వారానికి మొహాలు కనిపించడం మానేశాయి, చేతులే కనిపించేవి. 24వ తేదీతో కౌంటరులో నోట్లు మార్చడం ఆగిపోయింది. మర్నాడు ఒక ముసలావిడ పదకొండు ఐదువందల నోట్లు కొంగులో కట్టుకుని వచ్చింది. "ఇన్నాళ్లూ నిద్రపోయావా?" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. కొంగు మళ్లీ ముడి వేసుకుని వెళ్లిపోయింది. డిసెంబరు 30 దాకా ఖాతాలో జమ చేసుకోవచ్చని, ఖాతా లేకపోతే నేనే ఫారం నింపి తెరిపిస్తానని చెప్పడానికి నిమిషం పట్టేది. చెప్పలేదు. మా అమ్మ వయసు మనిషి.

నేను కఠినుణ్ణని నన్నెరిగినవాళ్లు ఎవరూ అనరు. మరి ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఐదేళ్లపాటు అది నా గుణంలో లోపమనుకున్నాను. మా అమ్మాయి దాచుకున్న పుస్తకాలు చదివిన తర్వాత దానికొక పేరుందని తెలిసింది.

పుస్తకాలు చెప్పేది

1974లో న్యూయార్కులో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్టు, పేదల కోసం నడిచే ఉచిత క్లినిక్కులో పనిచేసే వాలంటీర్లను గమనించి ఒక వ్యాసం రాశారు. అందరికంటె ఉత్సాహంగా చేరినవారే అందరికంటె ముందు కాలి బూడిదవుతున్నారని ఆయన చూశారు. ఆయన కూడా పగలు సొంత ప్రాక్టీసు, రాత్రి క్లినిక్కు చేసి అలసిపోయినవారే. దానికి 'బర్నౌట్' అన్న పేరు ఆ వ్యాసంతో స్థిరపడింది. తర్వాత 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందులో మూడు అంశాలు. ఒకటి, ఇక ఇవ్వడానికి లోపల ఏమీ లేదన్నంత అలసట. రెండు, ఎదుటి మనిషి మనిషిలా కాక ఒక నంబరులా కనిపించడం. మూడు, నేను చేసేదానివల్ల ఎవరికీ ఉపయోగం లేదన్న భావన. రెండోది చదువుతున్నప్పుడు నాకు ఆ పదకొండు నోట్లు, మా అమ్మాయికి ఆ గడియారం. పరీక్షకు చదివే విద్యార్థులు ఈ మూడింటినీ వరసగా బట్టీపడతారు. మీకు నేను చెప్పేదల్లా ఏమిటంటే, రెండోది వచ్చినప్పుడు అది అలసటలా అనిపించదు. ఎదుటివాళ్లు అతి చేస్తున్నట్టు అనిపిస్తుంది. అందుకే పట్టుకోవడం కష్టం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను తన రోగాల వర్గీకరణ 11వ కూర్పులో చేర్చింది గానీ రోగంగా కాదు, పనికి సంబంధించిన పరిస్థితిగా. ఈ తేడా చిన్నది కాదు. తప్పు మనిషిలో వెతకక ముందు పని ఏర్పాటులో వెతకమని దాని అర్థం.

సైకోథెరపిస్టులకు ఇంకొకటి కూడా ఉంది. ఘోరాలు అనుభవించినవారి మాటలు రోజూ వినగా వినగా, విన్నవారికి లోకమే వేరుగా కనిపించడం మొదలవుతుంది. 1990లో మెక్‌కాన్, పెర్ల్‌మన్ అనే ఇద్దరు దీని గురించి రాశారు. 1995లో చార్లెస్ ఫిగ్లీ 'కంపాషన్ ఫెటీగ్' పేరుతో పుస్తకం తెచ్చారు. జాలి పడీ పడీ వచ్చే అలసట అనుకోండి. మా అమ్మాయి ఆ ఏడాదంతా వాళ్లమ్మను ఒంటరిగా కూరగాయలకు కూడా పంపలేదు. రాత్రి లేచి వేలికి ఆక్సీమీటరు పెట్టి చూసేది. మా మరదలు విసుక్కునేది. పిల్లకు ప్రేమ ఎక్కువైందనుకున్నాం.

మామూలు రోజుల్లో థెరపిస్టు గట్టు మీద ఉంటాడు, వచ్చినవాడు నీళ్లలో ఉంటాడు. కష్టకాలంలో ఇద్దరూ ఒకే నీళ్లలో ఉంటారు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత న్యూయార్కు థెరపిస్టుల విషయంలో ఈ సంగతి బాగా చర్చకు వచ్చింది. ఒకే దుర్ఘటన ఇద్దరి మీదా పడడాన్ని 'షేర్డ్ ట్రామా' అంటారు. మన చోట్లలో దీనికి ఉదాహరణలు కొదవా? 1999 అక్టోబరులో ఒడిశా పెను తుపాను, 2004 డిసెంబరులో తమిళనాడు తీరాన సునామీ. ఓదార్చడానికి శిబిరాలకు వెళ్లిన స్థానిక కార్యకర్తల్లో ఇల్లు పోయినవారు, మనుషులు పోయినవారు ఉన్నారు. వాళ్లను ఎవరు అడిగారు?

పెద్దవారికి కూడా తప్పలేదు అనడానికి ఒక సంగతి చెబుతాను. కార్ల్ రోజర్స్ పేరు మీ పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. ఎదుటివారిని సంపూర్ణంగా అంగీకరించి వినడమే చికిత్స అని చెప్పిన ఆయన. చికాగోలో ఉండగా, 1949 ప్రాంతంలో, తీవ్రమైన స్థితిలో ఉన్న ఒక స్త్రీకి చికిత్స చేస్తూ, తానెక్కడ ఆగిపోతున్నాడో, ఆవిడ ఎక్కడ మొదలవుతున్నదో తెలియనంత దాకా వచ్చారు. ఇక తట్టుకోలేక కేసును మరో డాక్టరుకు అప్పగించి, భార్యతో కలిసి కారెక్కి రెండు మూడు నెలలు ఊరు వదిలి వెళ్లిపోయారు. తిరిగి వచ్చాక తన దగ్గర పనిచేసే ఒక సహోద్యోగి దగ్గరే తాను థెరపీ తీసుకున్నారు. ఈ సంగతిని ఆయన దాచుకోలేదు, తనే చెప్పారు. మా అమ్మాయికి ఏ ఓదార్పు మాటా పనిచేయలేదు గానీ ఇది పనిచేసింది.

రోజు లెక్క ముగించడం

ఇక ఏం చేయాలన్న విషయం. ఆ రోజుల్లో మా అమ్మాయి సెంటరు వారు ఉద్యోగుల కోసమని ఒక గంట ఆన్‌లైను క్లాసు పెట్టారు. ప్రాణాయామం చేయండి, సంగీతం వినండి, కృతజ్ఞతా డైరీ రాయండి అని చెప్పారు. పై వారం నుంచి రోజుకు చూడవలసిన మనుషుల సంఖ్య పెంచారు. ప్రాణాయామాన్ని నేను తక్కువ చేయను, నేనూ చేస్తాను. కానీ కౌంటరు ముందు మూడు వందల మందిని నిలబెట్టి గుమాస్తాను ఊపిరి పీల్చుకోమంటే ఏం లాభం? మొదట తగ్గవలసింది వరస.

మా అమ్మాయి మొదట చేసింది అదే. రోజుకు ఎనిమిది తొమ్మిది మందిని చూసేది ఐదుకు తగ్గించింది. జీతంలో కోత పడింది. ఆ సంగతి దాచకుండా రాస్తున్నాను, ఎందుకంటే విద్యార్థులు లెక్క వేసుకోవాలి. ఆత్మహత్య ఆలోచనలతో వచ్చేవారిని ఒకే రోజు వరసగా ఇద్దరిని పెట్టుకోదు. ఒకరికి ఒకరికి మధ్య పదిహేను నిమిషాలు ఖాళీ. అందులో నోట్సు రాసి ఫైలు మూసి, ముఖం కడుక్కుని, కిటికీ దగ్గర నిలబడుతుంది. ఫైలు మూయకుండా రెండోవారిని లోపలికి పిలవదు.

ఇది చెప్పినప్పుడు "ఇది మా బ్యాంకు పద్ధతే కదమ్మా" అన్నాను. ఎంత రాత్రయినా క్యాషు టాలీ కాకుండా మేము ఇంటికి వెళ్లేవాళ్లం కాదు. తేలని మొత్తం ఉంటే సస్పెన్సు ఖాతాలో వేసేవాళ్లం. అది తప్పు కాదు, పద్ధతే. కానీ సస్పెన్సులో వేసింది అక్కడే ఉండిపోకూడదు. ఫలానా రోజుకు ఎవరో ఒకరు చూసి తేల్చాలి. మా అమ్మాయి తండ్రి మరణాన్ని సస్పెన్సులో వేసింది, పదిహేనో రోజున డ్యూటీకి వెళ్లింది. తేల్చేవాళ్లు లేక ఆరు నెలలు అలాగే ఉండిపోయింది.

తేల్చడానికి రెండో మనిషి కావాలి. ఈ వృత్తిలో దాన్ని సూపర్‌విజన్ అంటారు. మన ఆఫీసుల్లో సూపర్‌వైజరంటే తప్పులు పట్టేవాడు. ఇక్కడ అర్థం వేరు. అనుభవం ఉన్న మరో థెరపిస్టు దగ్గర కూర్చుని, ఈ కేసులో నాకు ఏమవుతోంది అని చెప్పుకోవడం. మా అమ్మాయి రెండు వారాలకొకసారి శనివారం వెళుతుంది, ఫీజు తనే ఇస్తుంది. గడియారం సంగతి మొదట అక్కడే విప్పి చెప్పింది. ఆవిడ "ఆ ఏడుస్తున్న మనిషి తండ్రి బతికి ఉన్నాడా?" అని ఒక్క ప్రశ్న వేసిందట. మా అమ్మాయి అక్కడే మొదటిసారి ఏడ్చింది. మే నెలలో పోయిన తండ్రి కోసం, డిసెంబరులో.

ఇది లేకపోతే వేరే దారి లేదు, ఎందుకంటే ఈ వృత్తిలో ఇంట్లో చెప్పుకునే వీలు లేదు. బ్యాంకులో చేరిన రోజున మేము గోప్యత పాటిస్తామని డిక్లరేషను మీద సంతకం పెట్టాం. పక్కింటాయన ఖాతాలో ఎంతుందో నా భార్యకు కూడా చెప్పకుండానే రిటైరయ్యాను. కానీ అంకెలు దాచుకోవడం తేలిక, ఏడుపులు దాచుకోవడం వేరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా రోగి గోప్యతను హక్కుగా చెప్పింది. గోప్యత తప్పకుండా భారం దించుకునే చోటు సూపర్‌విజన్ ఒక్కటే. కాలేజీలో చేరే ముందు, ప్రాక్టికల్సులో సూపర్‌విజన్ వారానికి ఎన్ని గంటలు, ఎవరు చేస్తారు అని అడగండి. జవాబు తడబడితే ఇంకో కాలేజీ చూడండి.

సెలవు గురించి కూడా ఒక మాట. సున్నితమైన సీట్లలో ఉన్న బ్యాంకు ఉద్యోగులను ఏడాదికొకసారి ఏకధాటిగా కనీసం పది పనిదినాలు సెలవు మీద పంపాలని 2021 జులైలో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అది మోసాలు బయటపడటానికి పెట్టిన నిబంధన, విశ్రాంతి కోసం కాదు. అయినా నాకు ఆ ఆలోచన నచ్చింది. నువ్వు లేకపోయినా సీటు నడవాలి. నేను లేకపోతే ఈ మనిషి ఏమవుతాడో అని థెరపిస్టుకు అనిపించడం మొదలైతే, ఆ వారమే సెలవు పెట్టాలని మా అమ్మాయి అంటుంది.

మనవాళ్ల మధ్య ఉన్న చిక్కు

ఇది పుస్తకాల్లో పెద్దగా కనిపించలేదు, మన బులెటిన్ పాఠకులకే పనికివస్తుంది. మనం ఊరు కాని ఊళ్లో తరతరాలుగా కొద్ది కుటుంబాలుగా ఉన్నవాళ్లం. పెళ్లికీ, పేరంటానికీ, రామనవమి పానకానికీ అదే మనుషులు. అందులో ఒక అమ్మాయి కౌన్సెలరని తెలిస్తే ఆమెకు ఆదివారం ఉండదు. పెళ్లి పందిట్లో చెయ్యి పట్టుకుని "అమ్మాయీ, మా వాడు గది లోంచి బయటికి రావడం లేదు, ఒక్కసారి మాట్లాడు" అంటారు. తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ వచ్చిన డాక్టరు ఉన్నా, మన భాషలో చెప్పుకోవాలనే ఆశ సహజం. డబ్బు మాట ఎత్తితే "మన పిల్లే కదా!" కాదనలేక వింటుంది, రేపు ఆ కుటుంబం ఎదురైతే ఆ రహస్యం కళ్లల్లో పెట్టుకుని విస్తరి ముందు కూర్చోవాలి.

తెలిసినవారికి థెరపీ చేయకూడదన్నది ఆ వృత్తి నియమం. మా అమ్మాయి ఇప్పుడు "నేను చూడకూడదు పిన్నిగారూ, కానీ మంచి వాళ్ల నంబరు ఇస్తాను" అంటుంది. మొదట్లో కొందరు నొచ్చుకున్నారు. గర్వమన్నారు. నేనే ఇద్దరి ఇళ్లకు వెళ్లి సర్దిచెప్పాను. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, తెలుగులో కూడా మాట్లాడతారు. బెంగళూరు నిమ్హాన్స్ దాని వెనుక ప్రధాన సంస్థ. పెళ్లి పందిరికంటె అది మేలు. వరసగా వారాల తరబడి నిద్ర పట్టకపోతే, మందు అలవాటు పెరుగుతుంటే, బతకాలని లేదనిపిస్తే, థెరపిస్టు కూడా ఆ నంబరుకు చేయవచ్చు, మరో థెరపిస్టునో సైకియాట్రిస్టునో చూడాలి. తెలిసినవాళ్లకు అడగడం ఇంకా సిగ్గు, అందుకని రాస్తున్నాను.

అలాగని ఈ చదువు వద్దని తల్లిదండ్రులు అర్థం చేసుకోవద్దు. 2015-16లో నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ సర్వేలో, పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. వారిలో చాలామందికి చికిత్స అందడం లేదు. మన భాషలో వినేవాళ్లు కావాలి, ఇరవై ఏళ్లు వినగలిగేవాళ్లు కావాలి. ఇంట్లోవాళ్లు చేయగలిగింది కూడా ఉంది. మా అమ్మాయి ఆదివారం సాయంత్రాలు మా ఇంటికి వస్తుంది. వాళ్ల పెద్దమ్మతో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంది. కేసుల గురించి మేము అడగం, "ధైర్యవంతురాలివి" అనడం కూడా మానేశాను. ఒక్కోసారి వాళ్ల నాన్న గురించి తనే ఏదో చెబుతుంది. మేమూ మాకు గుర్తున్నవి చెబుతాం.

ఈ వ్యాసం పూర్తిచేసి ఆమెకు చదివి వినిపించాను. అంతా విని ఒక్క సవరణ చెప్పింది. "మధ్యాహ్నం భోజనం వేళకు తినమని రాయలేదు పెదనాన్నా. మా బ్యాచిలో అది ఒక్కరూ చేయరు." నోట్ల రద్దు రోజుల్లో నేను డబ్బా విప్పేసరికి నాలుగు దాటేది. రాశాను.